చెరువు కాళ్ళు

మా తమ్ముడు అహరోను చేసిన ఆఖరి పని మేత సంచులకు కన్నాలు పెట్టడం. రెండు వేల ఎనిమిది నవంబరులో, ముదినేపల్లి దగ్గర అచ్యుతరావుగారి చేపల చెరువు గట్టు మీద, పొద్దున్న ఎనిమిది గంటల వేళ. ఖాళీ యూరియా సంచిని గట్టు మీద పరిచి, బొగ్గుల్లో ఎర్రగా కాల్చిన ఇనప చువ్వతో అడుగు భాగాన రెండు వరసల్లో కన్నాలు పొడిచేవాడు. కన్నానికీ కన్నానికీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. కన్నం పెద్దదైతే తవుడంతా నీళ్ళపాలవుతుంది, చిన్నదైతే చేప మూతికి అందదు. అందుకని ఆ పని ఇంకొకరికి అప్పగించేవాడు కాదు. ఆ రోజు నాలుగు సంచులు పూర్తి చేశాడు. ఐదో సంచికి మూడు కన్నాలు పడ్డాయి. కుడి డొక్కలో నొప్పి అని చువ్వ పక్కన పెట్టి, ఎండుగడ్డి అంటుకోకుండా దాని మీద నీళ్ళు పోసి, అప్పుడు పడుకున్నాడట. ఏలూరు ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. కిడ్నీలో ఉన్న గడ్డ లోపలే చిట్లింది.

ఆ గడ్డ ఉందని మాకు ఐదేళ్ళుగా తెలుసు. అది ఎందుకు మొలిచిందో కూడా తెలుసు. వైద్యంలో ఎవరూ ఏమరలేదు. అతను ఆ ఐదేళ్ళూ భయపడుతూ బతకలేదు. తన వల్ల భార్య మీద పడ్డ నిందను తుడిచెయ్యాలని బతికాడు. నేను రాసేది దాని గురించే.

అహరోను నాకంటే నాలుగేళ్ళు చిన్న. పదో తరగతి తప్పిన వారానికే కొల్లేట్లో చేపల చెరువులోకి దిగాడు. అప్పటికి పదహారేళ్ళు. నీటి రంగు చూసి ఎరువు ఎంత వెయ్యాలో చెప్పేవాడు. తెల్లవారగానే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటే, ఎన్ని తెరిచాయో చూసి ఆ రోజు మేత పెట్టాలో వద్దో చెప్పేవాడు. చదువు రాలేదన్న దిగులు అతనికి లేదు. నేను తాడేపల్లిగూడెం హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఎవరైనా చదువు మాట ఎత్తితే, "మా అక్క చదివేసిందండి. ఇంటికొకళ్ళు చాలండి," అనేవాడు.

మా ప్రాంతంలో చేపలకు మేత చల్లరు. తవుడూ నూనెగింజల చెక్కా కలిపి కన్నాల సంచుల్లో నింపి, చెరువులో పాతిన వెదురు గెడలకు కడతారు. చేపలు వచ్చి కన్నాల్లోంచి పీక్కుతింటాయి. మర్నాడు పొద్దున్న ఇద్దరు మనుషులు పడవలో వెళ్తారు. ఒకడు గెడ నేలకు ఆనించి పడవ కదలకుండా పట్టుకుంటాడు. రెండోవాడు వంగి సంచి ఎత్తి, ఎంత మిగిలిందో చేత్తో తూచి, గట్టు మీద వాళ్ళకు కేకేస్తాడు. "కట్టండి" అంటే కడతారు. "ఇవాళ వద్దు" అంటే ఆపేస్తారు. మా తమ్ముడు గెడ పట్టేవాడిగా చేరి, సంచి చూసేవాడై, ముప్ఫై ఏళ్ళు నిండకుండానే చెరువు మొత్తానికి పెద్దయ్యాడు.

చింతలపూడి అమ్మాయి పెర్సిస్‌ని చేసుకున్నాడు. మనిషి నెమ్మది. పని చేస్తుంటే చప్పుడు వినబడదు. వాళ్ళ నాన్న వెస్లీగారికి మూర్ఛ వస్తుందని పెళ్ళికి ముందే వాళ్ళు చెప్పారు, దాచలేదు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. రెండేళ్ళకు శాలిని పుట్టింది.

పాపకు ఎనిమిదో నెలలో ఒక కొత్త అలవాటు వచ్చింది. కూర్చుని ఉన్నదల్లా ఒక్కసారి తల వంచి, రెండు చేతులూ ముందుకు చాచేది. మళ్ళీ లేచి మళ్ళీ వంగేది. వరసగా పది, పన్నెండుసార్లు. మా అమ్మ సారమ్మ చూసి పొంగిపోయింది. "చూడండర్రా, నా మనవరాలు ప్రార్థన చేస్తోంది!" అని ఏలూరులో మా వీధి వీధంతా పిలిచి చూపించింది. ఆదివారం చర్చిలో కూడా చెప్పింది. అది మూర్ఛ అని, పసిపిల్లలకు అలాగే వస్తుందని తెలిసేసరికి మూడు నెలలు గడిచిపోయాయి. అప్పటినుంచి మందులు. కొన్నాళ్ళు తగ్గేది, కొన్నాళ్ళు పెరిగేది. నడక ఆలస్యం, మాట ఆలస్యం. అయినా నవ్వు మాత్రం ఆలస్యంగా రాలేదు. ఎవరు గుమ్మంలోకి వచ్చినా ఎదురెళ్ళి చేతిలో సంచి అందుకునేది.

మూర్ఛ అని తెలిశాక అమ్మకు వెస్లీగారు గుర్తొచ్చారు. మొదట్లో గొణుక్కునేది. పాపకు ఏడేళ్ళు వచ్చి, బుగ్గల మీద ఎర్రటి పొక్కులు కూడా లేచేసరికి ఎదురుగానే అనేసింది.

"మా వైపు ఏడు తరాల్లో ఎవరికుందే ఈ రోగం? మీ నాన్నకుంది. పుట్టింటి నుంచి ఇది తెచ్చావు మాకు."

పెర్సిస్ చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు. తమ్ముడు అప్పుడు గుమ్మంలో ఉన్నాడు. చెరువు నుంచి వారానికోసారి వచ్చేవాడు, అమ్మకు ఎదురు చెప్పే అలవాటు లేనివాడు. ఏమీ అనకుండా బయటికి వెళ్ళి ఎం ఎయిటీ బండి తుడుచుకున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. నేనూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే, అమ్మ మాటలో న్యాయం ఉందనే అనుకున్నాను.

రెండేళ్ళు అలా సాగింది. ఆ రెండేళ్ళలో ఎనిమిది నెలలు పెర్సిస్ పిల్లను తీసుకుని చింతలపూడిలోనే ఉంది. తమ్ముడు వెళ్ళి తీసుకొచ్చాడు. తీసుకొచ్చాక కూడా అమ్మ కోడల్ని పేరు పెట్టి పిలవలేదు. "ఆవిడ" అనేది.

రెండు వేల మూడులో ఏలూరు డాక్టరుగారు పాప తలకు స్కాన్ తీయించారు. మెదడులో ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనబడ్డాయి. ఇది మామూలు మూర్ఛ కాదు, హైదరాబాదు తీసుకెళ్ళండి అన్నారు. నలుగురం బయలుదేరాం. ఇంగ్లీషు మాట్లాడాల్సి వస్తుందని నన్ను తోడు తీసుకెళ్ళారు. తీరా చూస్తే అక్కడి పెద్ద డాక్టరు శేషగిరిరావుగారు మాకంటే మంచి తెలుగు మాట్లాడారు.

ఆయన కిటికీ తెరలు దించి, గది చీకటి చేసి, ఊదారంగు దీపం ఒకటి పాప ఒంటి మీద తిప్పారు. వీపు మీద, నడుము మీద, తొడ మీద తెల్లటి మచ్చలు వెలిగాయి. కోలగా, ఆకుల్లా ఉన్నాయి. "నాన్నా, నేను మెరుస్తున్నానా?" అంది శాలిని. తెరలు తీశాక డాక్టరుగారు స్టూలు ముందుకు లాగి, తల్లినీ తండ్రినీ చూసి అన్నారు.

"మీ ఇద్దరూ చెప్పులు విప్పి కాళ్ళు దీని మీద పెట్టండి. ముందు మీరమ్మా."

పెర్సిస్ కాళ్ళకు మడమల పగుళ్ళు తప్ప ఏమీ లేవు. మా తమ్ముడు కదల్లేదు. హైదరాబాదు వెళ్తున్నామని కొత్త బూట్లు కొనుక్కున్నాడు.

"నావి చెరువు కాళ్ళండి. చూడ్డానికి బాగోవండి."

"నేను చూడని కాళ్ళు కావులెండి. విప్పండి."

విప్పాడు. రెండు కాళ్ళకూ కలిపి ఆరు వేళ్ళకు గోళ్ళ మొదళ్ళలోంచి కండలు పొడుచుకొచ్చి ఉన్నాయి. కొన్ని బియ్యపు గింజంత, బొటనవేలిది శనగ గింజంత. మాకు అవి కొత్త కాదు. చెరువుల్లో పని చేసే వాళ్ళ గోళ్ళు నల్లబడతాయి, చీలతాయి, ఊడతాయి. వాటన్నిటికీ కలిపి మా ఇళ్ళలో ఉన్న పేరు చెరువు కాళ్ళు. తమ్ముడు నాలుగైదు నెలలకోసారి ఆ కండల్ని బ్లేడుతో కోసుకుని పసుపు పెట్టుకునేవాడు. ఎన్నోసార్లు ఆ పసుపు నేనే కలిపిచ్చాను.

"ఎన్నాళ్ళ నుంచండి ఇవి?"

"నీళ్ళలో దిగిన రెండేళ్ళకి మొదలయ్యాయండి. మా వాళ్ళందరి గోళ్ళూ ఇంతేనండి."

"గోరు పాడవడం వేరండి. గోరు మొదట్లోంచి కండ మొలవడం వేరు. ఇది నీళ్ళు తెచ్చింది కాదు. మీతో పుట్టింది."

శాలిని వంగి బూట్లు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"అంటే డాక్టరుగారూ, పాపకి..."

"మీ నుంచి వచ్చిందండి. మీ తప్పేమీ లేదు. కానీ వచ్చింది మీ నుంచే."

"మా ఆవిడ వైపు నుంచి కాదాండి? మా మావగారికి ఫిట్స్ ఉన్నాయండి."

ఆయన పెర్సిస్ వైపు తిరిగారు. "మీ నాన్నగారికి ఎప్పటినుంచమ్మా?"

"నేను ఏడో క్లాసులో ఉండగా చర్చి పెంకులు సర్దుతూ కింద పడ్డారండి. తలకి దెబ్బ తగిలింది. అప్పటినుంచండి."

"అదీ ఇదీ ఒకటి కాదమ్మా."

పెర్సిస్ తల ఊపింది. పన్నెండేళ్ళుగా వెస్లీగారికి మూర్ఛ ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎప్పటినుంచి అని ఒక్కరమూ అడగలేదు.

తర్వాత డాక్టరుగారు తమ్ముణ్ణి తెర వెనక్కి తీసుకెళ్ళి పరీక్ష చేశారు. బయటికి వచ్చాక కాగితం తీసుకుని బొమ్మ గీశారు. జబ్బు పేరు ట్యూబరస్ స్క్లీరోసిస్ అన్నారు. పేరు నాకు నోరు తిరగలేదు గాని, ఆయన చెప్పినదంతా ఇప్పటికీ గుర్తుంది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ రెండు ప్రొటీన్లుంటాయండి. ఒకటి హామార్టిన్, ఇంకోటి ట్యూబరిన్. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని జట్టుగా ఉంటేనే పని. కణానికి తిండి అందుతోందా, శక్తి ఉందా, పెరగమని బయటి నుంచి కబురొచ్చిందా, ఇవన్నీ ఆ జట్టు దగ్గరికి చేరతాయి. లోపల ఎంటార్ అని మరో ప్రొటీన్ ఉంది. పెరుగు, పెరుగు అని కణాన్ని తోసేది అది. తిండి లేనప్పుడు దాన్ని ఆగమని చెప్పేది ఈ జట్టు. జట్టులో ఒకటి చెడిందనుకోండి, ఆపేవాళ్ళుండరు. తిండి ఉన్నా లేకపోయినా కణం పెరుగుతూనే ఉంటుంది. అక్కడ గడ్డ మొలుస్తుంది. మెదడులో మొలిస్తే మూర్ఛ. మొహం మీద మొలిస్తే ఈ పొక్కులు. ఒంటి మీది తెల్ల మచ్చలు కూడా ఈ జబ్బు గుర్తే. ఎంటార్‌కీ ఈ జట్టుకీ ఉన్న సంబంధం పోయిన ఏడాదే బాగా తేలింది."

మా తమ్ముడు కాగితం తన వైపు తిప్పుకున్నాడు. గీతల మీద వేలు నడిపాడు.

"ఒక మాట అడగొచ్చాండి? ఆ రెండూ పడవలో మనుషుల్లాగానాండి?"

"ఏ పడవండి?"

అప్పుడు డాక్టరుగారికి మేత సంచుల సంగతి చెప్పాడు. "గెడ పట్టేవాడు పడవని నిలబెట్టకపోతే సంచి చూసేవాడు నీళ్ళలో పడతాడండి. సంచి చూసేవాడు లేకపోతే గెడ పట్టేవాడు ఊరికే తిరుగుతాడండి. ఇద్దర్లో ఎవడు రాకపోయినా, ఇవాళ మేత వద్దు అని కేకేసే మనిషుండడు. గట్టు మీదోళ్ళు కట్టుకుంటూ పోతారండి. చెరువు పాడైపోద్దండి."

శేషగిరిరావుగారు కలం కింద పెట్టేశారు. "హామార్టిన్ గెడ పట్టేవాడు. ట్యూబరిన్ సంచి చూసేవాడు. సరిగ్గా అంతే. నా స్టూడెంట్లకి రేపటినుంచి ఇదే చెప్తానండి."

"మరి ఒకే జబ్బైతే నేను బాగానే ఉన్నానేంటండి? పిల్లెందుకిలా అయిపోయింది?"

"ఆ ప్రొటీన్ ఎలా తయారవ్వాలో చెప్పే రాత ప్రతి కణంలో రెండు ప్రతులుంటుంది. అమ్మ ఇచ్చిందొకటి, నాన్న ఇచ్చిందొకటి. మీ ఇద్దరికీ ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయింది. రెండోది పని చేస్తున్నంతకాలం కణం బాగానే ఉంటుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా చెడితే అక్కడే గడ్డ. ఎక్కడ చెడుతుందో ఎవరి చేతిలోనూ లేదండి. మీకు వేళ్ళకి వచ్చింది, పాపకి మెదడులో వచ్చింది. ఇంకెక్కడన్నా ఉందేమో చూద్దాం."

ఆ సాయంత్రం స్కాన్‌లో తమ్ముడి కిడ్నీలు రెండింట్లోనూ గడ్డలు కనబడ్డాయి. కేన్సర్ కాదు గాని, పెరిగితే చిట్లి రక్తం పోయే రకం. బరువులెత్తొద్దు, ఆరు నెలలకోసారి స్కాన్ తీయించుకోవాలి అన్నారు. పాపకు మూర్ఛ మందు మార్చారు. ఎంటార్‌ని అణిచే మందొకటి ఉందని, కిడ్నీ మార్చిన వాళ్ళకు వాడతారని, ఈ జబ్బుకు పనికొస్తుందేమో పై దేశాల్లో చూస్తున్నారని కూడా చెప్పారు.

తిరుగు రైల్లో తమ్ముడు కిడ్నీల మాట ఎత్తనే లేదు. ఖమ్మం దాటాక పెర్సిస్‌తో, అందరూ వింటుండగా అన్నాడు.

"రెండేళ్ళు నిన్ను పడనిచ్చాను. గుమ్మంలో నిలబడి విని, బండి తుడుచుకున్నాను."

"ఊరుకోండి. పిల్ల నిద్రపోతోంది," అంది పెర్సిస్.

తరవాతి ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఎవరికైనా దేవుడు చేసిన మేలు ఉంటే ముందుకు వచ్చి చెప్పడం మా ఆచారం. పరీక్ష పాసైన వాళ్ళు, జ్వరం తగ్గిన వాళ్ళు చెప్తారు. అహరోను ఎప్పుడూ లేచినవాడు కాదు. ఆ రోజు లేచాడు. చెప్పులు బయటే విడిచి వస్తాం కాబట్టి వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళి, బల్ల ముందున్న మెట్టు మీద కుడి కాలు పెట్టాడు.

"అందరికీ వందనాలండి. మా పాప శాలిని జబ్బు మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చిందని మీరందరూ విన్నారు. మా ఇంట్లోనే అన్నాం. అది అబద్ధమండి. నా నుంచి వచ్చింది. ఇదిగోండి గుర్తు."

పాస్టరు ఆనంద్ పాల్ గారు ఇబ్బందిగా కదిలారు. సంఘ పెద్ద యోసేపుగారు, "సరే అహరోనూ, ప్రార్థన చేద్దాం," అని లేవబోయారు.

"ప్రార్థన చేద్దురుగానండి, ముందు వినండి," అని మొదలుపెట్టి గెడ పట్టేవాడు, సంచి చూసేవాడు, గట్టు మీదోళ్ళు, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. హామార్టిన్, ట్యూబరిన్ పేర్లు తప్పు లేకుండా పలికాడు. వెనక వరసలో చెరువు పనివాళ్ళు నవ్వారు. "మరి మా మేస్త్రి ఏ ప్రొటీనండి?" అని ఎవరో అరిచారు. "మీ మేస్త్రి ఎంటార్. ఎప్పుడూ కట్టు, కట్టు అంటాడు," అన్నాడు. చర్చంతా ఘొల్లుమంది. నవ్వు ఆగాక, మెట్టు దిగకుండానే ఆడవాళ్ళ వైపు తిరిగి, "పెర్సిస్, నన్ను క్షమించు," అని ఇంటికి వచ్చేశాడు.

ముందు వరసలో కూర్చున్న మా అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు కొడుకును పట్టుకుని, "కాళ్ళు చూపించడానికి నీకు చర్చే దొరికిందా?" అంది.

"నువ్వు కూడా పాప ప్రార్థన సంగతి అక్కడే చెప్పావు కదే," అన్నాడు.

అమ్మ లోపలికి కేకేసింది. "పెర్సిస్, అమ్మా, ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు. నా కళ్ళకి ఆనడం లేదు." అంతే. అమ్మ అంతకంటే ఎక్కువ చెప్పే మనిషి కాదు. కానీ పోయేదాకా ప్రతి సూదీ కోడలే ఎక్కించింది.

చెరువుల దగ్గర ఇంకో తమాషా జరిగింది. చర్చిలో మాట గట్టు గట్టుకూ పాకి, పనివాళ్ళంతా తమ కాళ్ళు చూడమని తమ్ముడి దగ్గరికి వచ్చారు. మేత సరఫరా చేసే పాండురంగారావుగారైతే బండి దిగీ దిగగానే బూటు విప్పి, "నాదీ ఓసారి చూడవయ్యా అహరోనూ, రాత్రుళ్ళు నిద్ర పట్టట్లేదు," అన్నారట. తమ్ముడు శ్రద్ధగా చూసి, "మీది వట్టి పాచి గోరండి. మందు రాస్తే పోద్ది. కొత్త బూట్లు కొనుక్కోండి," అన్నాడు. అలా వంద కాళ్ళకు తక్కువ కాకుండా చూశాడు. ఎవరికీ ఆ జబ్బు లేదు. అతనికి మాత్రం వేళ్ళ డాక్టరని పేరు మిగిలింది.

శాలిని మెల్లగా తేరుకుంది. మూర్ఛ నెలకు పది నుంచి రెండుకు తగ్గింది. వీధి బడిలో మళ్ళీ కూర్చుంది. తమ్ముడి ఎడమ కిడ్నీలో గడ్డ పెరిగితే, రెండు వేల ఐదులో గజ్జల దగ్గర నుంచి తీగ పంపించి దానికి రక్తం వెళ్ళే దారి మూసేశారు. పది రోజుల్లో మళ్ళీ గట్టు మీద ఉన్నాడు. మరుసటి ఏడు సరస్సును కాపాడాలని ప్రభుత్వంవాళ్ళు కొల్లేటి లోపలి చెరువుల గట్లు కొట్టేశారు. ముప్ఫై ఏళ్ళు తిరిగిన నీళ్ళు కళ్ళముందే కొల్లేట్లో కలిసిపోతుంటే చూసి, నెల తిరక్కుండా ముదినేపల్లి చెరువులో పనికి కుదిరాడు. ఆ ఏడాదే అమ్మ పోయింది. కుడి కిడ్నీలో గడ్డ చిన్నది. రెండు వేల ఎనిమిది ఆగస్టులో స్కాన్ తీసినప్పుడు కూడా అలాగే ఉంది. ఒక్కోసారి చిన్నవి కూడా చిట్లుతాయని తర్వాత శేషగిరిరావుగారు ఫోన్లో చెప్పారు.

అతనికి ఒక్క దిగులు మాత్రం మిగిలిపోయింది. పోయే ముందు ఏడాది, నా దగ్గరికి తాడేపల్లిగూడెం వచ్చారు ముగ్గురూ. పెర్సిస్ లోపల శాలినికి జడ వేస్తోంది. తమ్ముడు వరండాలో కూర్చుని జామకాయ కోస్తూ, చాకు ఆపి అడిగాడు.

"అక్కా, నింద తుడిచానంటావా?"

"ఇంకా ఏం తుడవాల్రా? ఏలూరంతా చెప్పావు."

"ఊరికి చెప్పాను. దానికో? ఆ రెండేళ్ళూ అది రోజూ అనుకునుంటుంది కదక్కా, నా వల్లే నా పిల్లకి ఇలా అయిందని. చింతలపూడిలో పిల్లకి మూర్ఛ వచ్చిన ప్రతిసారీ అనుకునుంటుంది. పక్కన నేను కూడా లేను. ఊళ్ళోవాళ్ళ నోట్లో మాటైతే చర్చిలో నిలబడి తీశాను. దాని మనసులోకి దిగి ఎలా తియ్యను?"

"అడుగు, పోనీ."

"అడిగితే ఊరుకోండి అంటది. నువ్వు మాత్రం దానితో అనకు."

నేను అనలేదు. తమ్ముడికి ఇచ్చిన మాటల్లో నేను నిలబెట్టుకోకుండా ఉండాల్సింది అదొక్కటే.

పోయిన పదకొండో రోజున జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. తమ్ముడి గురించి నాలుగు మాటలు చదవమని ఆనంద్ పాల్ గారు నన్ను అడిగారు. ముందు రోజు మధ్యాహ్నం రాసుకుని, పెర్సిస్‌కి చదివి వినిపించాను. తను బియ్యం ఏరుతోంది. కొల్లేరు గురించి విన్నది, సంచుల గురించి విన్నది. చర్చి సంగతి దగ్గర కొద్దిగా నవ్వింది. ఆ తర్వాత వాక్యం ఇది: "తన వల్లే బిడ్డకు జబ్బు వచ్చిందని రెండేళ్ళు లోలోపల కుమిలిన భార్యకు, అహరోను న్యాయం చేశాడు."

"ఆ మాట తీసెయ్యండి వదినా," అంది.

"ఏం?"

"నేనెప్పుడూ అలా అనుకోలేదండి. ఆయన వైపు నుంచేనని నాకు ముందే తెలుసండి."

వాడు చివరిదాకా ఆ దిగులుతోనే ఉన్నాడని చెప్పాను. వరండాలో అన్న మాటలన్నీ చెప్పాను. పెర్సిస్ చేట పక్కన పెట్టింది.

"నాతో ఒక్కసారి కూడా అనలేదండి," అంది. చేతులు దులుపుకుని, "అడిగుంటే చెప్పేదాన్నండి," అంది.

"నీకెలా తెలుసు? డాక్టరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు కదా."

"పాపకి మొదటి స్నానం అత్తయ్యగారే పోశారండి. పీటేసుకుని, కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకుని. నడుం కింద తెల్ల మచ్చ కనబడింది. నన్ను కేకేశారు. తర్వాత మూర్ఛతో పాటే అలాంటి మచ్చలు ఇంకా కనబడ్డాయండి, రెండూ ఒకే జబ్బని నాకప్పుడే అనిపించింది."

"మరి అమ్మ నిన్ను అన్నేసి మాటలంటుంటే ఇది ఎందుకు చెప్పలేదు?"

"ఆవిడ మర్చిపోయారండి. అంత సంతోషంగా అన్న మాట, తిరిగి ఆవిడ మీదకే ఎలా విసరనండి?"

"ఏమంది అమ్మ?"

పెర్సిస్ గొంతు మార్చలేదు. మామూలుగానే చెప్పింది.

"'చూడవే పెర్సిస్, మా అహరోనుకి కూడా అచ్చం ఇక్కడే ఉండేది, అచ్చం ఇంతే. అంతా తండ్రి పోలికే,' అని ఆ మచ్చ మీద ముద్దు పెట్టుకున్నారండి."